ఆక్టేవియా ఆర్‌ఎస్‌కి 3 అంగుళాల క్యాట్‌బ్యాక్: స్టీలు మేలు, క్లాంపులు దండగ

హార్స్‌పవర్ కోసమైతే ఈ కిట్ జోలికి పోవద్దు. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245లో ఉన్నది 2 లీటర్ల టర్బో ఇంజిన్. అందులో పొగకి అసలు అడ్డు టర్బో దగ్గర, దాన్ని ఆనుకుని ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్ దగ్గర. క్యాట్‌బ్యాక్ అంటే కన్వర్టర్ తర్వాతి పైపు మాత్రమే, ఆ రెండింటినీ అది ముట్టుకోదు. కంపెనీ ఇచ్చిన 245 పీఎస్‌కి దీనివల్ల వచ్చి చేరేది తొక్కినప్పుడు తెలిసేంత ఉండదు. కొంటే శబ్దం కోసం, స్టీలు కోసం కొనాలి. రెసొనేటర్ (మోత తగ్గించడానికి పైపు మధ్యలో ఉండే డబ్బా) ఉన్న రకం తీసుకుంటే, లక్ష పైన పెట్టే డబ్బుకి ఆ రెండూ గిట్టుబాటు అవుతాయి. ఈ కొలతల కిట్లు వేర్వేరు పేర్లతో అమ్ముతున్నారు, కింద రాసింది దాదాపు అన్నిటికీ పనికొస్తుంది.

పెట్టె విప్పగానే అందరి కళ్ళూ టిప్పుల (వెనక బంపరు దగ్గర కనబడే పైపు కొసల) నీలి రంగు మీదికే పోతాయి. చూడాల్సింది పైపుని. మేలురకం పైపు 304 స్టీలుది, దానికి అయస్కాంతం అంటదు, వంపుల దగ్గర కొద్దిగా లాగినట్టు ఉంటే అది మామూలే. అంతకంటే తక్కువరకం 409 అయితే టక్కున అంటుకుంటుంది. చౌకరకం 201 స్టీలుకి కూడా అయస్కాంతం అంటదు కాబట్టి, అంటలేదని 304 అనుకోకూడదు. స్టీలు రెయిలింగులు చేసేవాళ్ళ దగ్గర, తుక్కు కొనేవాళ్ళ దగ్గర మాంగనీసు పట్టిచ్చే చుక్కల మందు దొరుకుతుంది. ఒక చుక్క వేసి చిన్న బ్యాటరీ తగిలిస్తే 201 ఎర్రబడుతుంది. గోడ మందం తేల్చడానికి తూకం చాలు. 76 మి.మీ. పైపు, 1.5 మి.మీ. గోడ అయితే మీటరుకి సుమారు 2.8 కిలోలు తూగాలి. 2.2 కిలోల దగ్గర ఆగితే అది 1.2 మి.మీ. రకం. 1.2 చెడ్డదేం కాదు, కానీ కాగితం మీద 1.5 అని రాసి 1.2 ఇస్తే అది వేరే మాట.

తర్వాత టార్చి పైపులోకి కొట్టి వెల్డింగు వెనక వైపు చూడాలి. బయట ఎంత అందంగా గీతలు గీతలుగా ఉన్నా, లోపల నల్లగా, పంచదార మాడినట్టు గుల్లగా ఉంటే వెల్డింగు చేసేటప్పుడు పైపు లోపల ఆర్గాన్ నింపలేదని అర్థం. పగుళ్ళు మొదలయ్యేది అక్కడే. ఈ కిట్‌లో లోపలి వైపు కూడా శుభ్రంగా, బంగారు రంగులో ఉంది. ధరలో సగం న్యాయం ఇక్కడే కనిపిస్తుంది. మన ఊళ్ళలో ఆర్గాన్ వెల్డింగు అని బోర్డు పెట్టిన షాపుల్లో చేయి తిరిగినవాళ్ళు ఉన్నారు కానీ, గేట్లకి, రెయిలింగులకి లోపల గ్యాసు నింపే అవసరం ఉండదు కాబట్టి ఆ అలవాటు తక్కువ. ఏ బ్రాకెట్టో అతికించాల్సి వస్తే పైపు రెండు చివర్లూ టేపుతో మూసి లోపల గ్యాసు వదలమని ముందే అడగాలి. కారుకి ఉండగానే వెల్డింగు పెడితే బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి.

ఇక పైపుల్ని కలిపి పట్టే క్లాంపులు. కిట్‌తో వచ్చినవి పాతకాలపు యూ-బోల్టులు. బిగించేకొద్దీ పైపు చుట్టూ గాడి పడుతుంది. ఒకసారి నొక్కుకుపోయాక ఆ రెండు పైపులు మళ్ళీ విడిపోవు, అర మి.మీ. కూడా తిప్పి సరిచేసుకోలేరు. వాటిని పక్కన పడేసి 76 మి.మీ. స్టెయిన్‌లెస్ బ్యాండ్ క్లాంపులు నాలుగు కొనండి. ఆ ఖర్చు కిట్ ధరలో కలిపి లెక్క వేసుకోవాలి. ఇంత డబ్బు తీసుకుని ఈ నాసిరకం క్లాంపులు పెట్టడం పిసినారితనం, మరో మాట లేదు.

బిగించడం ఇంట్లో చేసుకోగలిగిన పనే. ఇద్దరు మనుషులు, ఒక ఆదివారం. 2 టన్నుల జాకీ స్టాండ్లు నాలుగు, టార్క్ రెంచి, 10, 13, 16 సాకెట్లు, పొడవాటి ఎక్స్‌టెన్షన్, కోత మిషను, కళ్ళద్దాలు ఉండాలి. అనంతపురం, కడప ఇళ్ళల్లో కారు పెట్టే చోట కడప బండలు పరిచి ఉంటాయి. దాని మీద స్టాండు నేరుగా పెట్టొద్దు. బండ కింద మట్టి దిగిపోయి బోలుగా ఉన్న చోట కారు ఒక మూల బరువంతా ఒకే చోట పడితే బండ పటుక్కున విరుగుతుంది, స్టాండు ఒరుగుతుంది. ముందు సుత్తి పిడితో తట్టి చూస్తే బోలు శబ్దం తెలిసిపోతుంది. గట్టిగా ఉన్న చోట కూడా ప్రతి స్టాండు కింద అడుగు చదరం మందపాటి ప్లైవుడ్ వేయాలి. సిమెంటు గచ్చు ఉన్న షెడ్డు దొరికితే ఇంకా మేలు. ఎండాకాలం మధ్యాహ్నం పని పెట్టుకోకండి. పైపు చల్లారడానికే చాలాసేపు పడుతుంది.

పాత పైపు దించడంలోనే అసలు చిక్కు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే పైపు ముందు స్లీవ్ క్లాంపు (రెండు పైపుల కొసల మీద గొట్టంలా కూర్చునే క్లాంపు) నుంచి వెనక సైలెన్సర్ దాకా ఒకటే ముక్క. అది వెనక సస్పెన్షన్ మీదుగా పోతుంది కాబట్టి, సస్పెన్షన్ దించకుండా ముక్కగా బయటికి రాదు. అందుకని కోయాలి. ఎక్కడ పడితే అక్కడ కాదు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్ల పైపు మీద చుట్టూ నొక్కిన మూడు గుర్తులు ఉంటాయి. మధ్య గుర్తు మీద పైపుకి అడ్డంగా, వంకర లేకుండా కోస్తే, రేపు ఇవే ముక్కలు తిరిగి బిగించాల్సి వచ్చినప్పుడు రెండు ముక్కలనీ కలిపే డబుల్ క్లాంపు అటూ ఇటూ ఉన్న గుర్తుల మధ్య సరిగ్గా కూర్చుంటుంది. తుప్పు, మట్టి పట్టి గుర్తులు కనబడకపోతే వైరు బ్రష్షుతో రుద్దండి. కోసేటప్పుడు నిప్పురవ్వలు పెట్రోలు ట్యాంకు వైపు ఎగరకుండా తడి గోనెపట్టా అడ్డం పెట్టాలి, పక్కన మంటలార్పే సిలిండరు ఉండాలి.

పైపుని వేలాడదీసే వెనక హ్యాంగర్ల రబ్బర్ల నుంచి కడ్డీలు లాగడానికి కుస్తీ పట్టొద్దు. బ్రాకెట్టుతో సహా బోల్టులు విప్పి దించితే చేతులు మిగులుతాయి. రబ్బరు రావాల్సిందే అంటే సబ్బు నీళ్ళు రాయండి. గ్రీజు, పెట్రోలు రాస్తే రబ్బరు ఉబ్బి నెలల్లో చీలుతుంది.

కొత్త పైపు ఎక్కించేటప్పుడు వెనక సైలెన్సర్, యాక్సిల్ మీది పైపు, మధ్య పైపు, ముందు అడాప్టర్ అన్నీ వదులుగా వేలాడదీయాలి. ఒక్క క్లాంపు కూడా బిగించకూడదు. ఒక పైపు ఇంకో పైపులోకి 40 మి.మీ. తగ్గకుండా దూరాలి, పైపు అంచున కోసిన గాట్లు పూర్తిగా క్లాంపు కిందికి రావాలి. గాటు కొస బయటికి కనబడితే అక్కడ నుంచి టిక్ టిక్ మని పొగ కారుతుంది. క్లాంపు బోల్టు తలలు నేల వైపు ఉండకూడదు. మన కాలనీల స్పీడు బ్రేకర్లు ముందు వాటినే కొరుకుతాయి.

టిప్పులకి బంపరుకి మధ్య ఎంత ఖాళీ వదలాలన్నది చాలామంది కంటితో చూసి వదిలేస్తారు, తర్వాత బంపరు కరిగిందని గోల. 304 స్టీలు వేడికి బాగా సాగుతుంది. 3 మీటర్ల పైపు సగటున 300 డిగ్రీలు వేడెక్కితే 15 మి.మీ. పొడుగు పెరుగుతుంది, 409 అయితే 10 దగ్గర ఆగుతుంది. ఆ పెరుగుదలంతా వెనక్కే పోతుంది. కాబట్టి చల్లగా ఉన్నప్పుడు టిప్పులు ఉండాల్సిన చోటు కంటే వేలి వెడల్పంత లోపల ఉండాలి, చుట్టూ 12 నుంచి 15 మి.మీ. సందు ఉండాలి. హ్యాంగర్ రబ్బర్లు కూడా కొంచెం ముందుకి వాలి ఉంటే, వేడెక్కాక నిటారుగా వస్తాయి. బ్రేకు గొట్టాలకి, ఏబీఎస్ తీగలకి, ప్లాస్టిక్‌కి అంగుళం దూరం తగ్గకూడదు.

బిగింపు ముందు నుంచి వెనక్కి. బ్యాండ్ క్లాంపులకి సాధారణంగా 45 నుంచి 50 న్యూటన్ మీటర్లు, క్లాంపు మీద వేరే అంకె రాసి ఉంటే అదే పాటించాలి. మరలకి రాగి గ్రీజు రాయకుండా గాలి గన్ను పెడితే స్టెయిన్‌లెస్ మర స్టెయిన్‌లెస్ నట్టులోనే పట్టేస్తుంది. అప్పుడు కోయడం తప్ప దారి లేదు. స్టార్టు చేసేముందు పైపంతా థిన్నర్ గుడ్డతో తుడవండి, లేకపోతే వేలిముద్రలు గోధుమ రంగులో శాశ్వతంగా ముద్ర పడతాయి. మొదటి పావుగంట పొగ, కాలిన వాసన వస్తాయి, కంగారు అక్కర్లేదు. 100 కిలోమీటర్లు తిరిగాక, పూర్తిగా చల్లారాక అన్ని క్లాంపులూ మళ్ళీ బిగించాలి. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే క్యాట్‌బ్యాక్‌ని అనుమానించకండి. ఆక్సిజన్ సెన్సర్లు రెండూ దానికి ముందే ఉంటాయి. విప్పేటప్పుడు ఏ సెన్సర్ తీగో లాగారేమో చూడండి.

శబ్దం సంగతి. తొలి నిమిషం, కన్వర్టర్ వేడెక్కించడానికి ఇంజిన్ పెద్ద ఐడిలింగులో ఉన్నప్పుడు, గట్టిగానే ఉంటుంది. తెల్లవారుజామున అనంతపురం కమలానగర్ లాంటి ఇరుకు వీధుల్లో పక్కింటివాళ్ళు తిడతారు, తిట్టడం న్యాయమే. ఆ తర్వాత ఊళ్ళో మెల్లగా పోతే మర్యాదగానే ఉంటుంది. 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాటాక పలికే గొంతు మాత్రం ఫ్యాక్టరీ పైపుతో పోల్చలేం. లోతుగా, గరగర లేకుండా ఉంటుంది.

రెసొనేటర్ లేని రకం ఎందుకు వద్దంటే, నాలుగు సిలిండర్ల ఇంజిన్ ప్రతి చుట్టుకి రెండుసార్లు పేలుతుంది. 2,400 ఆర్‌పీఎం దగ్గర అది సెకనుకి 80 సార్లు, అంటే 80 హెర్ట్జ్. సరిగ్గా కారు లోపలి గాలి డబ్బాలా మోగే స్థాయి. జాతీయ రహదారి 44 మీద కర్నూలుకో బెంగళూరుకో గంటల తరబడి ఇంచుమించు అవే ఆర్‌పీఎంలో పోతారు. కర్నూలు దారిలో గుత్తి దాటేసరికి తలనొప్పి ఖాయం. తర్వాత పక్క గొట్టం, అంటే చివర మూసిన జే పైపు, అతికించి తగ్గిద్దామంటే 80 హెర్ట్జ్‌కి అది 1.2 నుంచి 1.5 మీటర్ల పొడవుండాలి. కారు కింద అంత చోటు లేదు. రెసొనేటర్ రకంలో కూడా కాస్త మోత ఉంటుంది. డ్రైవ్ మోడ్‌లో ఇండివిజువల్‌కి వెళ్ళి ఇంజిన్ సౌండును ఎకోలో పెడితే, కారు తానుగా పుట్టించే కృత్రిమ మోత తగ్గుతుంది. సగం బాధ దాంతోనే పోతుంది. సైలెన్సర్ లోపలి దూది విషయంలో మాత్రం హెచ్చరిక: మామూలు గ్లాస్ ఫైబర్ కాలక్రమంలో కాలి రాలిపోతుంది, శబ్దం పెరుగుతూ పోతుంది. చిల్లుల గొట్టం చుట్టూ ముందు స్టీలు ఊలు చుట్టి, దాని మీద ఫైబర్ వేసినది అడిగి తీసుకోండి.

చట్టం గురించి షాపువాళ్ళు చెప్పరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 182ఏ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే 190(2) కింద తొలిసారికి 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, పైగా లైసెన్సు మూడు నెలలు పోవడం. కార్లు తయారయ్యేటప్పుడు దాటకూడని శబ్దం 74 డెసిబెల్స్, ఈ కిట్‌తో గట్టిగా తొక్కితే ఆ గీత దాటుతుంది. బుల్లెట్ల సైలెన్సర్లు పట్టుకుని రోడ్‌రోలర్ కింద తొక్కించే పోలీసులు కారు అని వదిలిపెడతారన్న భరోసా పెట్టుకోవద్దు. ట్రాక్‌కి తీసుకెళ్ళేవాళ్ళకి ఇది పనికొచ్చే సరుకు, రోజూ ఊళ్ళో తిప్పేవాళ్ళకి కాదు. కోసిన పాత ముక్కలు రెండూ, ముందు స్లీవ్ క్లాంపు, హ్యాంగర్ రబ్బర్లతో సహా గుడ్డ చుట్టి అటక మీద పెట్టుకోండి. కొత్త డబుల్ క్లాంపు ఒకటి ఇప్పుడే కొని వాటితోనే ఉంచండి, తర్వాత వెతికితే వెంటనే దొరకదు.