అద్దాల మేడ హార్డ్‌విక్ హాల్: అమ్మతో డెర్బీషైర్‌లో రెండు రోజులు

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో ఒక్కరోజే చేతిలో ఉంటే, అక్కడి రెండు పాత దొరల భవనాల్లో ఛాట్స్‌వర్త్ చూడాలా, హార్డ్‌విక్ చూడాలా అంటే నేను హార్డ్‌విక్ అనే చెబుతాను. రెండూ చూశాకే ఈ మాట. ఛాట్స్‌వర్త్ తోట, మెట్లమీద జారే నీళ్లు నిజంగా అందమే. కానీ ఆ ఇంటిని తరతరాలుగా మార్చుకుంటూ వచ్చారు. రెండిళ్లకూ యజమానులైన కావెండిష్ కుటుంబం ఛాట్స్‌వర్త్‌లోనే స్థిరపడటంతో హార్డ్‌విక్ జోలికి ఎవరూ పెద్దగా పోలేదు. అందుకే 1590లలో కట్టిన ఇల్లు ఇప్పటికీ చాలావరకు అలాగే ఉంది.

కట్టించింది బెస్ ఆఫ్ హార్డ్‌విక్ అనే సంపన్నురాలు. నాలుగు పెళ్లిళ్లు చేసుకుని, నాలుగోసారి భర్తను పోగొట్టుకున్న ఏడాదే, 1590లో పని మొదలుపెట్టింది. నమూనా వాస్తుశిల్పి రాబర్ట్ స్మిత్‌సన్‌దని చెబుతారు. ఆరు బురుజుల మీదా ఆమె అసలు పేరు ఎలిజబెత్ ష్రూస్‌బరీలోని ఈ, ఎస్ అక్షరాలు రాతిలో నిలబడి ఉంటాయి. గాజు బాగా ఖరీదైన రోజుల్లో, ఇంటి నిండా గాజే. పొగగొట్టాలను బయటి గోడల్లో కాకుండా లోపలి గోడల్లోకి నడిపించడం వల్లే కిటికీలకు అంత చోటు దొరికింది. పైకి వెళ్లేకొద్దీ అంతస్తు ఎత్తు, కిటికీ ఎత్తు పెరుగుతాయి. కింద పనివాళ్లు, మధ్యలో కుటుంబం, అన్నిటికన్నా పైన దర్బారు గదులు.

అంటే మెట్లెక్కాలి. అమ్మ మోకాళ్ల గురించి నాకు ముందు నుంచీ టెన్షనే. చెస్టర్‌ఫీల్డ్‌లో మేం దిగిన గెస్ట్‌హౌస్‌వాళ్లు కింది గది ఇస్తామని ఫోన్లో చెప్పి, తీరా వెళ్లాక రెండో అంతస్తు చూపించారు. ఇరుకు మెట్లు, పట్టుకోవడానికి సరైన రెయిలింగ్ లేదు. రాత్రంతా అమ్మకు కాళ్లు పీకాయి. మీరు వెళితే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి.

హార్డ్‌విక్ రాతిమెట్లు మాత్రం వెడల్పుగా, తక్కువ ఎత్తులో ఉన్నాయి. చీకటిలోంచి వెలుగులోకి, మళ్లీ చీకటిలోకి ఇల్లంతా తిరుగుతూ పైకి పోతాయి. అమ్మ ఆగి ఆగి ఎక్కేసింది. పైన హై గ్రేట్ ఛాంబర్‌లో గోడ పైభాగమంతా రంగులేసిన సున్నపు శిల్పం: అడవి, జింకలు, మధ్యలో డయానా దేవత. అమ్మ మాత్రం ముందు కిందికే చూసింది. "ఒరే, ఇది మన తుంగచాపలా లేదూ?" నిజమే, అలాంటి గడ్డి అల్లికే నేలంతా పరిచారు.

లాంగ్ గ్యాలరీ అనే పొడవాటి హాలు దాదాపు 50 మీటర్లు. గోడలకు బైబిల్లోని గిడియన్ కథ నేసిన 13 తెరలు. బెస్ వాటిని సెకండ్ హ్యాండ్‌లో కొని, పాత యజమాని చిహ్నాల మీద తన చిహ్నాలు వేయించింది. వాటిని బాగుచేయడానికి ఇప్పుడు ఈ ఇంటిని చూసుకునే నేషనల్ ట్రస్ట్ సంస్థకు 24 ఏళ్లు పట్టింది, 2023లో పూర్తయింది. ఎండకు రంగు పోకుండా కిటికీలకు తెరలు దించి ఉంచుతారు. "ఇంత గాజు పెట్టుకుని చీకట్లో ఉంచారేంట్రా?" అని అమ్మ అడిగితే, అక్కడి వాలంటీరు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఓపిగ్గా వివరించింది, నేను తెలుగులో చెప్పాను.

బస్సుల మీద ఆధారపడకండి. టాక్సీకి తిరుగు ప్రయాణం కూడా ముందే మాట్లాడుకోండి. పక్కనే పాత హాల్ శిథిలాలున్నాయి, ఓపిక ఉంటేనే వెళ్లండి. దానికన్నా ఆ అరగంట ఇంటిముందు కూర్చోవడం మేలు. ముఖద్వారం పడమర వైపు. పొద్దువాలేటప్పుడు ఆ కిటికీలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. టాక్సీ వచ్చి హారన్ కొట్టినా అమ్మ లేవలేదు.