స్టాక్ ఫుటేజీలో సముద్రం: ఆరేళ్లు వాడాక నా మాట

తిరుపతిలో ఉంటూ బడులకు సైన్సు వీడియోలు చేస్తుంటాను. ఆరేళ్లుగా ఒక విదేశీ సంస్థకు ఏటా చందా కట్టి స్టాక్ ఫుటేజీ, అంటే ముందే తీసి అమ్మకానికి పెట్టిన వీడియో క్లిప్పులు, తీసుకుంటున్నాను. దించుకున్న వాటిలో సగానికి పైగా నీళ్లు, సముద్ర జీవుల దృశ్యాలే. పుంగనూరు, పలమనేరు వైపు సముద్రం ఎన్నడూ చూడని పిల్లలు చాలామంది. ఒక బడిలో తెర మీద తిమింగలం తోక పైకి లేచినప్పుడు వెనక బెంచీల పిల్లలు లేచి నిలబడ్డారు. చందా దండగేమో అన్న అనుమానం ఆ రోజుతో తీరిపోయింది.

పగడపు దిబ్బలు, జెల్లీ చేపలు, తిమింగలాలు: వీటిలో నాణ్యతకు వంక పెట్టలేను. అయితే రంగు చూసి ఎంచుకోవాలి. నీటిలో పది మీటర్లు దిగేలోపే ఎరుపు దాదాపు మాయమవుతుంది. దీపాలతో దిగి తీసిన దృశ్యంలో పగడం తన అసలు రంగులో కనిపిస్తుంది. తర్వాత కంప్యూటర్‌లో ఎరుపు పెంచిన దానిలో తెల్లని ఇసుక కూడా గులాబీ రంగుకు తిరుగుతుంది. నేను ముందు ఇసుకనే చూస్తాను.

రెండో చిక్కు నీలం. 8 బిట్ ఫైలులో ఒక్కో రంగుకు 256 స్థాయిలే ఉంటాయి, 10 బిట్‌లో 1024. లోతుకు పోయే కొద్దీ ముదిరే నీలం 8 బిట్‌లో మెట్లు మెట్లుగా చారలు కడుతుంది. చిన్న ఫోనులో అది తెలియదు, బడిలో ప్రొజెక్టర్ పెట్టగానే బయటపడుతుంది. అందుకే 10 బిట్ రంగును నిలుపుకునే ప్రోరెస్ అనే ఫైలు రకం ఉంటే అదే దించుకుంటాను. 4కె నాణ్యతలో, ప్రోరెస్‌లోనే మెరుగైన హెచ్‌క్యూ రకమైతే పది సెకన్లకే 900 మెగాబైట్లు దాటుతుంది కనుక విడిగా హార్డ్ డిస్కు కొనక తప్పలేదు.

నన్ను నిజంగా బాధపెట్టింది పేర్ల విషయం. సముద్ర తాబేళ్ల పాఠం కోసం, మన ఒడ్డున గుడ్లు పెట్టే తాబేలు రకం పేరుతో ‘ఆలివ్ రిడ్లే’ అని వెతికి, వచ్చిన వాటిలో అందమైన క్లిప్ వాడాను. ఆ వీడియో సముద్ర తీరాన ఉన్న తూపిలిపాలెంలో చూపించినప్పుడు, మనవడితో వచ్చిన ఒక మత్స్యకార పెద్దాయన నెమ్మదిగా, “ఇది మన తాబేలు కాదయ్యా, మనదాని వీపు గుండ్రంగా ఉంటుంది” అన్నారు. ఇంటికి వచ్చి ఒక్కో ఫ్రేమూ ఆపి చూశాను. డిప్ప మీద పక్క పలకలు అటు నాలుగు, ఇటు నాలుగు. కళ్ల మధ్య ఒకే జత పొలుసులు. అది పచ్చ తాబేలు. ఆలివ్ రిడ్లేకు పక్క పలకలు సాధారణంగా ఆరు జతలో అంతకన్నా ఎక్కువో ఉంటాయి, కళ్ల మధ్య పొలుసులు రెండు జతలు. అప్పటికే ఆ పాఠం ఎన్నో బడులకు వెళ్లిపోయింది. సంస్థకు రాస్తే ధన్యవాదాలు చెప్పారు, పేరు మాత్రం మార్చలేదు. అప్పటి నుంచి లెపిడోకెలిస్ ఒలివేసియా అని శాస్త్రీయ నామంతో వెతుకుతున్నాను, అయినా పలకలు లెక్కపెట్టకుండా వాడను.

అక్వేరియంలో తీసినవాటిని కూడా సముద్రం పేరుతోనే పెడుతున్నారు. చేప వెనక గాజు మీద వెలుగు మెరుపు కనబడితే వదిలేయండి.

అగాధ సముద్రానికి డబ్బు పెట్టనక్కరలేదు. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా, ఒకియానోస్ ఎక్స్‌ప్లోరర్ నౌక నుంచి తీసిన దృశ్యాలను ఉచితంగా అందిస్తోంది. ఆ నౌక దింపే డీప్ డిస్కవరర్ యంత్రం 6,000 మీటర్ల లోతు వరకు వెళ్లగలదు. సౌజన్యం అని నోవా పేరు వేస్తే చాలు. జలపాతాలకు కూడా చందా ఖర్చు చేయను, 270 అడుగుల తలకోన మనకు దగ్గరలోనే ఉంది.

ఇన్నేళ్లలో నాకు దొరకనిది మన తీరం. నదులు తెచ్చే ఒండ్రుతో మసకబారిన బంగాళాఖాతం నీళ్లు, మోకాలి లోతు పులికాట్‌లో వల లాగుతున్న మనుషులు ఆ సంగ్రహంలో దాదాపు లేరు. అందరూ అద్దంలాంటి నీళ్లే అమ్ముతున్నారు. మన పిల్లలు మసక నీరు చూసి ఇది సముద్రమేనా అని అడగడం నేను విన్నాను.

తిమింగలాల కోసం, పగడాల కోసం ఈ ఏడాది కూడా చందా కట్టాను. తాబేళ్ల పాఠాన్ని మళ్లీ చేస్తున్నాను. అవి మన ఒడ్డున గుడ్లు పెట్టే కాలంలో కెమెరాతో తూపిలిపాలెం వెళ్తాను. రాత్రి వేళ తీరం వెంట తోడు నడుస్తానని ఆ పెద్దాయన మాట ఇచ్చారు.