విజిల్ వేయని కుక్కర్

ముందే చెప్పేస్తాను, కుక్కర్ మంచిదే. 14 నెలలుగా రోజూ వాడుతున్నాను, ఒక్కరోజు కూడా మొరాయించలేదు. అయినా మొదటి నెలంతా దాన్ని వెనక్కి ఇచ్చేద్దామనే అనుకున్నాను. తప్పు దానిదా నాదా తేలడానికి చివరికి మా అమ్మ కావాల్సి వచ్చింది.

కొనడానికి కారణం మా పాప. అప్పటికి దానికి రెండేళ్లు. ఇల్లు మారాం, కొత్తింట్లో వంటగదికీ పడకగదికీ మధ్య ఉన్నది ఒక్క గోడే. సరిగ్గా అది నిద్రపోయే వేళకే మా ఇంట్లో కుక్కర్ ఎక్కేది. మొదటి విజిల్‌కి ఉలిక్కిపడేది, రెండోదానికి లేచి కూర్చునేది, మూడోది దాని ఏడుపులో కలిసిపోయేది. అక్కడ నా లెక్క తప్పేది. చప్పుడు చేయని కుక్కర్లు ఉంటాయని, వాటికి విజిల్ బదులు స్ప్రింగ్ వాల్వ్ ఉంటుందని మా ఆవిడ ఎక్కడో చదివి చెప్పింది. మరుసటి రోజే తెచ్చేశాను. అంత తొందరపడి నేను పెళ్లి కూడా చేసుకోలేదు.

ఐదు లీటర్ల స్టీలు కుక్కర్ ఇది. అడుగు మాత్రం మూడు పొరలు, రెండు స్టీలు రేకుల మధ్య దళసరి అల్యూమినియం. ఎందుకంటే స్టీలు వేడిని అందుకోవడంలో మందకొడి. అల్యూమినియం దానికంటే పదిహేను రెట్ల దాకా వేగంగా వేడిని పాకిస్తుంది. ఉత్త స్టీలు అడుగైతే మంట తగిలిన చోట మాడి, మిగతా చోట్ల పచ్చిగా ఉండిపోతుంది. మూత బయటి నుంచి తిప్పి బిగించేది. విజిల్ ఉండాల్సిన చోట వేలెడు పొడవు కడ్డీ ఒకటి ఉంది, దాని మీద రెండు ఎర్ర గీతలు. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ కడ్డీ పైకి లేస్తుంది. మొదటి గీత కనిపిస్తే సుమారు 8 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని ఒత్తిడి కొలిచే లెక్క), రెండోది కనిపిస్తే 15 పీఎస్‌ఐ. గీత కనిపించగానే మంట తగ్గించి, కడ్డీ అక్కడే నిలబడేలా చూసుకోవాలి. మంట ఎక్కువైతే సన్నగా బుస కొడుతుంది. అంతకుమించి నోరు విప్పదు.

నేను పెరిగింది మాత్రం విజిల్ కుక్కర్ కింద. అమ్మ దగ్గర ఇప్పటికీ అదే ఉంది. అల్యూమినియంది, ఒక పక్క సొట్ట, హ్యాండిల్ రెండుసార్లు మార్చింది. లోపలి మూత రకం. మూతని ఏటవాలుగా లోపలికి దించి, తిప్పి, పైకి లాగి బిగించాలి. చిన్నప్పుడు నాకు ఎన్నిసార్లు ప్రయత్నించినా పడేది కాదు. అందులో ఆవిరి మూతని లోపలి నుంచే గాస్కెట్‌కి అదిమి పట్టి ఉంచుతుంది కాబట్టి, ప్రెషర్ దిగేదాకా ఎంత బలమైనవాడు లాగినా మూత రాదు. అంత తెలివైన మూత మళ్లీ చూడలేదు.

అసలు కుక్కర్ చేసే పని ఒక్కటే. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగి, అక్కడే ఆగిపోతాయి. కింద ఎంత మంట పెట్టినా ఆవిరి ఎక్కువ పోతుందే తప్ప వేడి పెరగదు. మూత బిగించి 15 పీఎస్‌ఐ ఒత్తిడి అదనంగా పెడితే అవే నీళ్లు 121 డిగ్రీల దాకా వెళ్తాయి. పదేసి డిగ్రీలకి ఉడుకు వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. దాని ప్రకారం గంట ఉడకాల్సింది పావుగంటలో అయిపోవాలి. నా అనుభవంలోనూ దగ్గర దగ్గరగా అంతే. కొండల మీద ఉండేవాళ్లకి దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ప్రతి 300 మీటర్ల ఎత్తుకీ నీళ్లు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గిపోతుంది మరి.

ఈ ఆలోచన మొదట వచ్చింది డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తకి. 1679లో లండన్‌లో రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘం వాళ్లకి తన పాత్రని చూపించాడు. పేలిపోకుండా సేఫ్టీ వాల్వ్ పెట్టింది కూడా ఆయనే. 1682లో దాంతో వండిన విందుకి వెళ్లిన జాన్ ఎవెలిన్ అనే ఇంగ్లీషు రచయిత, గట్టి ఎముకలు కూడా చీజ్ ముక్కలా మెత్తబడ్డాయని డైరీలో రాసుకున్నాడు. పాపిన్‌ని ఎన్ని విజిల్స్ పెట్టావని మాత్రం ఎవరూ అడిగి ఉండరు.

నా గొడవంతా అక్కడే. మా ఇంటి వంటలన్నీ విజిల్స్‌లోనే నా దాకా వచ్చాయి. అన్నానికి మూడు, శనగలకి ఆరు, ఆపైన సిమ్‌లో కాసేపు. అమ్మ ఏ వంట చెప్పినా చివర ఆ అంకె ఉంటుంది. ఉద్యోగానికి ఇల్లు విడిచి వచ్చినప్పుడు ఒక పాత డైరీలో రాసుకున్నాను, అందులోనూ అంతే. కొత్త కుక్కర్‌తో వచ్చిన పుస్తకంలో విజిల్ అనే మాటే లేదు. నిమిషాల పట్టిక ఒకటుంది. అక్షరాలు ఎంత చిన్నవంటే ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దది చేసుకుని చదవాల్సి వచ్చింది. ఇదంతా ఎందుకని నేనే సొంతంగా ఒక మారకం రేటు పెట్టేసుకున్నాను: విజిల్ ఒక్కింటికి మూడు నిమిషాలు.

అన్నం పేస్టు అయింది. మర్నాడు శనగలు పలుకుగా ఉన్నాయి. మూడో రోజు రాజ్మా పైకి ఉడికినట్టే ఉంది, కొరికితే లోపల సుద్ద. దాన్నైతే తినకుండా మళ్లీ పొయ్యెక్కించాను. ఎర్ర రాజ్మాలో ఫైటోహేమగ్లూటినిన్ అని ఒక పదార్థం ఉంటుంది, సగం ఉడికింది తింటే వాంతులు, కడుపునొప్పి ఖాయం. బాగా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో పూర్తిగా ఉడికించాల్సిందే. వారం తిరిగేసరికి మా ఆవిడ, "పాప నిద్రపోతోంది సరే, మనం తినేదెప్పుడు?" అంది.

అమ్మకి ఫోన్ చేశాను. "ఏరా, విజిల్ లేకపోతే ఉడికిందని ఎలా తెలుస్తుంది?" అని తిరిగి నన్నే అడిగింది. ఆ ఆదివారం వీడియో కాల్ పెట్టుకుని, అక్కడ ఆవిడ తన కుక్కర్‌లో, ఇక్కడ నేను నా కుక్కర్‌లో, అవే గ్లాసుల లెక్కన బియ్యం, నీళ్లు పోసి వెలిగించాం. నేను స్టాప్‌వాచ్ పెట్టుకున్నాను. ఆవిడ నవ్వింది. "గడియారం చూసి వండితే అది వంట కాదు, పరీక్ష" అంది.

ఆరో నిమిషంలో అక్కడ విజిల్ వచ్చింది. ఒకటి అని రాసుకున్నాను. కాసేపటికి ఇంకోటి. అమ్మ, "హా, ఒకటి" అంది.

"రెండు కదమ్మా?"

"మొదటిది లెక్కలోకి రాదురా. అది దొంగ విజిల్. లోపలున్న గాలి పోతుంది, అంతే."

ఇన్నేళ్లూ నేను దొంగ విజిల్‌ని కూడా కలిపి లెక్కపెడుతున్నానన్నమాట! డైరీలో మూడు అని ఉన్నచోట అసలు అంకె నాలుగు. ఈ సంగతి ఎప్పుడూ ఎందుకు చెప్పలేదంటే, "అది కూడా చెప్పాలా?" అంది. ఆవిడకి చెప్పాల్సిన విషయంలా తోచలేదు, నాకు అడగాలని తెలియలేదు. ఆ మాటకొస్తే ఆవిడ మూడు దాకా ఆగనూ లేదు. రెండో విజిల్ తర్వాత కాసేపుండి, "వాసన మారింది" అని కట్టేసింది. ఫోన్‌లో వాసన రాదు కదా.

కానీ నా కాగితం మీద అసలు విషయం బయటపడింది. విజిల్ అంటే కాలం కాదు, ఎక్కువైన ఆవిరిని బయటికి వదలడం మాత్రమే. ఒకసారి ప్రెషర్ ఎక్కాక పెద్ద మంట మీద నాలుగు విజిల్స్ ఐదారు నిమిషాల్లో అయిపోతాయి, సిమ్‌లో పెడితే పావుగంట పడుతుంది. కుక్కర్ సగం ఖాళీగా ఉంటే ఒక లెక్క, నిండుగా ఉంటే ఇంకో లెక్క. అమ్మ అంకె అమ్మ పొయ్యికీ, అమ్మ కుక్కర్‌కీ, అమ్మ చేతికీ సరిపోయే అంకె. ఇంకో తేడా స్టవ్ కట్టేశాక తెలిసింది. ఆవిడ పల్చటి అల్యూమినియం కుక్కర్‌లో ప్రెషర్ 7 నిమిషాల్లో దిగిపోయింది. నా దళసరి అడుగు వేడిని వదలదు, 14 నిమిషాలు పట్టింది. మంట ఆపాక కూడా అన్నం లోపల ఉడుకుతూనే ఉంది. పేస్టు అవదూ మరి!

అప్పటి నుంచి డైరీ కొత్తగా రాస్తున్నాను. అన్నానికి రెండో గీత దగ్గర 3 నిమిషాలు, ఆపేసి ముట్టుకోకుండా వదిలేయడమే. రాత్రంతా నానిన శనగలకి 15 నిమిషాలు. లెక్క కుదిరాక ఈ కుక్కర్‌ని ఏమనడానికీ లేదు. ఏ రోజు చేసినా ఒక్కలాగే వస్తుంది. ఆవిరి పోదు కాబట్టి నీళ్లు తక్కువ పడతాయి. అన్నిటికంటే నాకు నచ్చింది, గంజి చిమ్మి స్టవ్ మీదా గోడ మీదా పడటం అనేది పూర్తిగా పోయింది. టమాటాల్లాంటి పులుపు వండినా స్టీలు కాబట్టి బెంగ లేదు. ఉల్లిపాయలు వేయించేటప్పుడు మాత్రం ఏమరుపాటు పనికిరాదు, అడుగున పట్టేస్తుంది. కాస్త నీళ్లు చల్లి గరిటెతో గీకి, అప్పుడు మూత పెట్టాలి. మూడింట రెండు వంతులకి మించి నింపకూడదు. నురగ కట్టే పప్పు గింజలైతే సగానికి మించకూడదు. ఇది ఏ కుక్కర్‌కైనా వర్తించేదే అనుకోండి.

ఇక ఫిర్యాదులు. గాస్కెట్ సిలికాన్‌ది. వేడికి బాగా ఆగుతుంది, కానీ వాసనలు పీల్చేసుకుంటుంది. వెల్లుల్లి వేసి వండిన మర్నాడు పాలన్నం చేస్తే దానికి వెల్లుల్లి ఘాటు. ఎండలో పెట్టాను, నిమ్మచెక్కతో రుద్దాను, సగమే పోయింది. పదో నెలలో విడిగా ఒకటి కావాలని కంపెనీకి ఫోన్ చేస్తే స్టాకు లేదన్నారు. మూడు వారాలకి ఒకటి పంపారు, చూస్తే వేరే సైజుది. సరైనది వచ్చేసరికి మొత్తం ఐదు వారాలు. ఇంత దిట్టమైన వస్తువు చేసినవాళ్లకి ఒక రబ్బరు చుట్ట సరిగ్గా పంపడం చేతకాలేదు. వాల్వ్‌లో భాగాలు కూడా ఎక్కువే, వారానికోసారి విప్పి కడగాలి. విజిల్ కుక్కర్‌కైతే విజిల్ తీసి, రంధ్రంలోంచి వెలుతురు కనిపిస్తోందా అని చూసుకుంటే సరిపోయేది.

కొనేటప్పుడు అస్సలు ఊహించని లోపం ఇంకొకటుంది. విజిల్ కుక్కర్ మనతో మాట్లాడుతుంది. బట్టలు మడతపెడుతూనో, ఫోన్ మాట్లాడుతూనో పక్క గదిలోంచి లెక్కపెట్టుకోవచ్చు. ఇది మాట్లాడదు, వెళ్లి చూడాలి. నేనైతే ఫోన్‌లో టైమర్ పెట్టుకుంటాను. కానీ నా చెవికి అలారం అంటే ఆ విజిల్ మోతే. వంట వినపడాల్సిన వేళకి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే, ఎవరో ఊరెళ్లినట్టుండేది మొదట్లో. మా ఆవిడకి అలాంటిదేమీ లేదు. హాయిగా ఉంది అంటుంది.

మొన్న అమ్మ వచ్చి పది రోజులుంది. మొదటి రోజు కుక్కర్ ముందు నుంచి కదలలేదు. "ఇది ఉడుకుతోందా, ఆరిపోయిందా?" అని మంటకేసి వంగి చూడటం. రెండో రోజూ అదే. మూడో రోజు ఆవిడే ఒక ఉపాయం కనిపెట్టింది. వంటగది గుమ్మం దగ్గర, స్టవ్‌కి దూరంగా పాపకి కుర్చీ వేసి, ఎర్ర గీతలు చూపించి, తను హాల్లో కూర్చుని పత్రిక పట్టుకుంది. పాపకి ఇప్పుడు మూడేళ్లు దాటాయి. మధ్యాహ్నం పడుకోవడమే మానేసింది.

"నానమ్మా, ఒకటి వచ్చింది!"

"అది కాదమ్మా, ఇంకా ఉంది."

"నానమ్మా, రెండోది!"

అమ్మ లేచి వెళ్లి మంట తగ్గించింది. గడియారం వైపు చూడలేదు. కాసేపటికి మూత దగ్గర ముక్కు పెట్టి చూసింది, ఆవిరే రాని కుక్కర్ దగ్గర వాసన ఏమొస్తుంది? అటూ ఇటూ చూసి, నేను గమనించడం లేదనుకుని, టైమర్ ఇంకెంత ఉందో నా ఫోన్‌లో చూసుకుంది.

వెళ్లిన రోజు సాయంత్రం ఇంటికి చేరానని ఫోన్ చేసింది. చివర్లో, "ఆ గాస్కెట్ ఇంకోటి కూడా తెప్పించి పెట్టుకో, మళ్లీ ఐదు వారాలంటారు" అని పెట్టేసింది.