వంకాయ పుచ్చుకు ఏది మేలు: కషాయమా, బుట్టలా?

బెజవాడ రైతు బజారులో వంకాయలు ఏరేవాళ్ల చెయ్యి ముందు చిల్లి ఉందేమో వెతుకుతుంది. ఒక్క చిల్లి కనబడితే కాయ పక్కకు పోతుంది. అందుకే ఉండవల్లి, పెనుమాక వైపు వంగ వేసినవాళ్లకు పుచ్చంటేనే టెన్షన్. రసాయన మందులు వద్దనుకుంటే ఏం చేయాలి?

వేప గింజల కషాయం చవక. 5 కిలోల గింజల పొడి మూటగట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, వడకట్టి, 100 లీటర్లకు చేసి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపితే ఎకరానికి సరిపోతుంది. ఎండకు బలం తగ్గుతుంది కాబట్టి సాయంత్రం పూటే కొట్టాలి. పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంకల మీద బాగానే పనిచేస్తుంది. పుచ్చు దగ్గరే చిక్కు. గుడ్డు పగిలిన కొన్ని గంటలకే పిల్ల పురుగు కొమ్మలోకో కాయలోకో దూరి, తన పెంటతోనే చిల్లి మూసేసుకుంటుంది. లోపల కూర్చున్నదానికి పైన ఏం కొడితే ఏం లాభం?

ఇంకోటి అగ్నిఅస్త్రం, మిర్చి, పొగాకు లాంటివి వేసి కాచే కషాయం. ఆ మిర్చికీ పొగాకుకీ గుంటూరులో కరువా! కానీ పొగాకులోని నికోటిన్ విషమే. రోజు మార్చి రోజు కోసే కాయ మీద కొట్టడానికి నాకైతే మనసొప్పదు.

పుచ్చు వరకు నా ఓటు లింగాకర్షక బుట్టలకే. వాటిలో పెట్టే ఎరకు ఆడ పురుగు వాసన ఉంటుంది, దానికి మగ రెక్కల పురుగులు వచ్చి చిక్కుకుంటాయి. మగవి తగ్గితే ఆడవాటికి జత దొరకదు, పిల్లలయ్యే గుడ్లూ తగ్గుతాయి. ఎకరానికి నాలుగైదు బుట్టలైతే పురుగు ఉధృతి తెలుస్తుందంతే. తగ్గాలంటే 40 దాకా పెట్టాలి, గడువు తీరిన ఎర మార్చాలి. ఖర్చు అక్కడే. షాపులో వంగ పురుగు ఎర అని అడిగి మరీ తీసుకోండి, శనగపచ్చ పురుగుది ఇక్కడ దండగ. బుట్టలు పెట్టడంతోపాటు, వాడిపోయి వేలాడుతున్న కొమ్మల చివర్లు పురుగుతో సహా తుంచి తగలబెట్టాలి. చీల్చి చూస్తే లోపల లేత గులాబీ రంగు పురుగు కనిపిస్తుంది.

ఒక్క మెలిక ఉంది. పక్క చేనువాళ్లు పాత వంగ కట్టెను వంటచెరకుకని గట్టు మీద పోగేస్తే, అందులోంచి కొత్త రెక్కల పురుగులు లేస్తూనే ఉంటాయి. అక్కడే జతకట్టి వచ్చే ఆడ పురుగును మీ బుట్ట ఆపలేదు. 40 బుట్టలు కొనేముందు ఆ కట్టె తీయించడమో, సన్న వల కప్పించడమో చూసుకోండి.