తాళి ముందు, తెర తర్వాత: పెళ్లి ఫోటోలతో డిజికామ్

అడ్డుతెర తీయకముందే పెళ్లికొడుకు తాళి కట్టేశాడు. రెండు కెమెరాల ఫోటోలూ కలిపి టైం ప్రకారం పేరిస్తే నా కంప్యూటర్లో తేలిన పెళ్లి అది. అసిస్టెంటు కెమెరా గడియారం 11 నిమిషాలు వెనక నడుస్తోందని అప్పుడు గాని తెలియలేదు.

ఫోటోలు సర్దుకునే సాఫ్ట్‌వేర్ డిజికామ్ నాకు మొదట అక్కరకొచ్చింది అక్కడే. 2020లో 7వ వెర్షన్ వచ్చినప్పుడు పెట్టుకున్నాను, ఇప్పటికీ పెళ్లిళ్లన్నీ దీంట్లోనే. పైసా ఖర్చు లేదు. విండోస్, లినక్స్, మాక్ మూడింట్లోనూ నడుస్తుంది.

తెర తీసిన క్షణం రెండు కెమెరాల్లోనూ ఉంటుంది కదా. ఆ రెండు ఫోటోల టైం తేడా చూసుకుని, అసిస్టెంటు ఫోటోలన్నీ ఎంచి, టైం అడ్జస్ట్‌లో అంత కలిపేస్తే వరస కుదిరిపోతుంది. (ఇప్పుడైతే పని మొదలుపెట్టే ముందు ఇద్దరం ఒకే ఫోన్ గడియారాన్ని చెరో ఫోటో తీస్తాం.) కార్డు నుంచి దించేటప్పుడు తేదీవారీ ఫోల్డర్లు చేసే సదుపాయం ఉంది గానీ మన ముహూర్తాలకు పనికిరాదు. రాత్రి 2 గంటల పెళ్లయితే ఎదురుకోలు ఒక ఫోల్డర్లో, తలంబ్రాలు ఇంకోదాంట్లో పడతాయి. నాకు పెళ్లికి ఒకటే ఫోల్డర్.

దీని అసలు బలం ఏరడంలో ఉంది. పెళ్లికి నాలుగు వేల పైచిలుకు రా ఫైళ్లు (కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫోటోలు), దగ్గర దగ్గర 100 జీబీ. ఆల్ట్ 1 కొడితే తీసేయాల్సింది, ఆల్ట్ 3 కొడితే ఉంచాల్సింది. చెయ్యి కీబోర్డు మీంచి లేవదు. తలంబ్రాల దగ్గర గబగబా పడిన ముప్పైలో ఇద్దరి కళ్లూ తెరుచుకున్నది తేల్చాలంటే లైట్ టేబుల్ ఉంది. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి ఒకదాన్ని జూమ్ చేస్తే రెండోదీ అక్కడికే జూమ్ అవుతుంది. నాలుగు వేలు తొమ్మిది వందలకు దిగడానికి నాకు ఒక పూట.

ఎఫ్2తో పేర్లు మార్చడం మాత్రం ఇవన్నీ అయ్యాకే. ఒకసారి నంబర్లు వేసి పంపేశాక టైం సరిచేసి, మళ్లీ నంబర్లు వేశాను. పెళ్లివాళ్లు వాట్సాప్‌లో 412 అడిగితే పిన్నిగారి బదులు వంటవాళ్ల ఫోటో ప్రింటుకు వెళ్లింది.

సైజు తగ్గించి లోగో వేసే పని, ఫోటోలన్నిటికీ వరసగా అదే చేసుకుపోయే బ్యాచ్ క్యూకి అప్పజెప్పి భోజనానికి వెళ్తాను. సెట్టింగుల్లో ఎక్స్‌ఎంపీ సైడ్‌కార్ (ఫోటో పక్కనే దాని వివరాలు రాసిపెట్టే చిన్న ఫైలు) ఆన్ చేసుకోండి. లేకపోతే రా ఫైళ్లకు ఇచ్చిన స్టార్లు డిజికామ్ సొంత డేటాబేసులోనే ఉండిపోతాయి, వేరే సాఫ్ట్‌వేర్‌కు కనిపించవు. డేటాబేసు కంప్యూటర్లోని ఎస్‌ఎస్‌డీ మీద, ఫోటోలు బయటి హార్డ్ డిస్కులో పెట్టుకుంటే హాయి. రంగుల దిద్దుబాటుకు డార్క్‌టేబుల్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌కే వెళ్తాను, అది దీని బలం కాదు.

ముఖాల గుర్తింపు మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. పెళ్లికూతుర్ని మంగళస్నానంలో ఒకరిగా, బాసికం కట్టాక ఇంకొకరిగా లెక్కేసింది. పెళ్లికొడుకునీ తమ్ముణ్నీ ఒకడే అనుకుంది. ఈ రెండోదానికి తప్పుపట్టలేను, రిసెప్షన్లో నేనూ తమ్ముణ్నే స్టేజీ ఎక్కమన్నాను.