బ్లేడ్ రన్నర్ డిస్కుల్లో దాచుకోదగినది ఏది?

బ్లేడ్ రన్నర్ అనే సైన్స్ ఫిక్షన్ సినిమాలో జోరా అనే కృత్రిమ మనిషి గాజు అద్దాలను బద్దలు కొట్టుకుంటూ పరుగెత్తే దృశ్యాన్ని నా దగ్గరున్న ప్రతి ఎడిషన్‌లోనూ వరుసగా పెట్టి చూశాను. ఈ సినిమా హోమ్ వీడియో ముద్రణలను పోల్చడానికి అంతకంటే మంచి గీటురాయి నాకు దొరకలేదు. వెనుకనుంచి, అలాంటి కృత్రిమ మనుషులను వేటాడే డెకార్డ్ కాల్చిన తూటా తగిలి, పారదర్శకమైన ప్లాస్టిక్ కోటు తొడుక్కున్న ఆ పాత్ర ఒక్కో అద్దాన్నీ పగలగొట్టుకుంటూ వెళ్లి, బొమ్మల మధ్య, కృత్రిమ మంచు రాలుతున్న చోట కూలిపోతుంది. 1982లో ఆ పరుగు తీసింది నటి జొవానా కాసిడీ కాదు, ఆమెకు బదులుగా నటించిన స్టంట్ కళాకారిణి. తలమీది విగ్గు కూడా సరిగా అమరలేదు. క్యాసెట్టులో ఆ తేడా మసకలో కలిసిపోయేది. డీవీడీకి ముందు వచ్చిన పెద్ద వీడియో డిస్కు అయిన లేజర్‌డిస్కులో ఫ్రేమును నిలిపితే అది వేరే మనిషని పట్టుబడిపోయేది. 2007 నాటి ఫైనల్ కట్ కోసం కాసిడీనే మళ్లీ పిలిపించి, ఆమె ముఖాన్ని కొత్తగా చిత్రీకరించి, పాత దృశ్యంలోని దేహానికి డిజిటల్ పద్ధతిలో అతికించారు. పాతికేళ్ల తరువాత ఒక నటి తన మరణ దృశ్యాన్ని తానే పూర్తి చేసింది. బొమ్మ స్పష్టత పెరిగేకొద్దీ పాత లోపం బయటపడటం, బయటపడిన లోపాన్ని దిద్దడం కోసం సినిమానే మార్చడం, ఆ మార్పును చూపడానికి మరో డిస్కు రావడం, ఇదే ఈ సినిమా ఇంటింటి చరిత్ర. అందువల్ల బ్లేడ్ రన్నర్ విషయంలో ఏ డిస్కులో బొమ్మ బాగుందని మాత్రమే అడిగితే చాలదు. ఆ డిస్కులో ఉన్నది ఏ బ్లేడ్ రన్నర్ అని ముందుగా అడగాలి.

రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో 1982 జూన్ 25న అమెరికాలో విడుదలైన ఈ చిత్రానికి దాదాపు 2 కోట్ల 80 లక్షల డాలర్లు ఖర్చయ్యాయి. థియేటర్లలో ఆశించిన ఆదరణ దక్కలేదు. దానికి రెండో జన్మ ఇచ్చింది ఇంట్లో తిరిగిన టేపులూ డిస్కులే. సేకరించేవారి లెక్కలో ఇప్పటికి ముఖ్యమైన కూర్పులు ఐదు. మొదటిది విడుదలకు ముందు ప్రేక్షకుల స్పందన తెలుసుకోవడానికి చూపించిన వర్క్‌ప్రింట్. రెండోది డెకార్డ్‌గా నటించిన హారిసన్ ఫోర్డ్ గొంతుతో కథ చెప్పే వ్యాఖ్యానంతో, కొండల మధ్య కారులో వెళ్లిపోయే సుఖాంతంతో అమెరికాలో విడుదలైన ప్రతి. మూడోది ఆ కథనే మరికొంత హింసతో చెప్పిన అంతర్జాతీయ ప్రతి. నాలుగోది వ్యాఖ్యానాన్నీ సుఖాంతాన్నీ తొలగించి, ఒంటికొమ్ము గుర్రం కలను చేర్చిన 1992 నాటి డైరెక్టర్స్ కట్. అయిదోది స్కాట్ స్వయంగా పూర్తి అధికారంతో తీర్చిదిద్దిన 2007 నాటి ఫైనల్ కట్. పేరు డైరెక్టర్స్ కట్ అయినప్పటికీ 1992 ప్రతి దర్శకుడు దగ్గర కూర్చుని కూర్చినది కాదు. ఆయన ఇచ్చిన సూచనల ఆధారంగా, తక్కువ వ్యవధిలో, ఇతరులు సిద్ధం చేసినది. పెట్టె మీది పేరును చూసి మోసపోయే అవకాశం ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

క్యాసెట్టు గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. 1983లో ఎంబసీ సంస్థ వీహెచ్‌ఎస్, బీటామ్యాక్స్ రూపాల్లో అంతర్జాతీయ ప్రతిని అందించింది. వెడల్పాటి బొమ్మను నాటి టీవీ తెరకు సరిపడేలా రెండు పక్కలా కత్తిరించినందున, ఇద్దరు మనుషులు మాట్లాడుకునే చోట ఒకరి ముఖం తెర బయటే ఉండిపోతుంది. అలమరలో పెట్టుకోవడానికి అందంగా ఉంటుందే తప్ప చూడటానికి పనికిరాదు.

1987లో క్రైటీరియన్ సంస్థ తెచ్చిన లేజర్‌డిస్కు సంగతి వేరు. నా సేకరణలో ఎక్కువ ప్రేమగా చూసుకునే వస్తువు అదే. వెడల్పు బొమ్మను కత్తిరించకుండా, పైనా కిందా నల్లటి పట్టీలతో పూర్తిగా చూపించింది. సీఏవీ పద్ధతిలో అచ్చయిన డిస్కుకు ఒక పక్కకు 30 నిమిషాల సినిమా మాత్రమే పడుతుంది కాబట్టి మధ్యలో చాలాసార్లు లేచి డిస్కు తిప్పవలసి వస్తుంది. అందుకు ప్రతిఫలంగా ఏ ఫ్రేములోనైనా బొమ్మను కదలకుండా నిలిపి చూసుకోవచ్చు. కృత్రిమ మనుషులను తయారుచేసే టైరెల్ సంస్థ పిరమిడ్ల గోడల మీది చిన్న చిన్న దీపాలనూ, జనం కిక్కిరిసిన వీధిలోని బోర్డులనూ ఒక్కొక్కటిగా చదివిన తరం అలా తయారైంది. ఎగిరే వాహనాన్ని పైకి లాగిన తీగలు కనిపిస్తున్నాయని గమనించినదీ, ఆరుగురు రెప్లికెంట్లు, అంటే కృత్రిమ మనుషులు, తప్పించుకున్నారనీ వారిలో ఒకరు చనిపోయారనీ పోలీసు అధికారి బ్రయంట్ చెప్పిన లెక్కకూ తెరమీద కనిపించే నలుగురికీ పొత్తు కుదరడం లేదని పట్టుకున్నదీ అటువంటి చూపులే. మిగిలిన ఆ ఒక్కరు ఎవరన్న చర్చ ఏళ్ల తరబడి సాగింది. ఫైనల్ కట్‌లో చనిపోయినవారి సంఖ్యను రెండుగా మార్చి లెక్క సరిచేశారు. అది దిద్దుబాటే అయినా, ఒక గొప్ప వాదానికి ఊపిరి పోసిన పొరపాటు పాత డిస్కులో అలాగే ఉండటం నాకు తృప్తినిస్తుంది. అయితే ఈ డిస్కులను కొనేవారు లేజర్ రాట్ అనే జబ్బు గురించి తెలుసుకోవాలి. డిస్కు పొరల మధ్య గాలీ తేమా చేరి అల్యూమినియం పూత తుప్పు పడితే, తెర నిండా రంగు చుక్కలు మెరుస్తాయి. నేను కొన్న మొదటి ప్రతి అలాగే పాడైపోయి వచ్చింది. పైనుంచి చూస్తే అద్దంలా మెరుస్తూనే ఉంది, ప్లేయర్‌లో పెడితే గానీ బయటపడలేదు.

1997లో వార్నర్ విడుదల చేసిన డీవీడీ ఆ రూపం పుట్టిన తొలి రోజుల్లో వచ్చిన వాటిలో ఒకటి. అందులో ఉన్నది డైరెక్టర్స్ కట్ మాత్రమే. ఒక పక్క వెడల్పు బొమ్మ, రెండో పక్క కత్తిరించిన బొమ్మ, అంతకుమించి చెప్పుకోదగిన అనుబంధాలు లేవు. చీకట్లో పొగ కదిలే చోట్ల బొమ్మ గడులు గడులుగా విడిపోతుంది. 2006లో మెరుగుపరిచి తెచ్చిన ప్రతి దానికంటే చాలా నయమే గానీ, ఏడాది తిరగగానే వచ్చిన పెట్టె ముందు అది నిలవలేదు.

2007 డిసెంబరులో వచ్చిన ఐదు డిస్కుల పెట్టె దగ్గర ఆగి మాట్లాడాలి. డీవీడీ, హెచ్‌డీ డీవీడీ, బ్లూరే అనే మూడు రూపాల్లోనూ ఇది వచ్చింది. వాటిలో హెచ్‌డీ డీవీడీని తోషిబా 2008 ఫిబ్రవరిలోనే వదులుకున్నందున ఆ పెట్టె ఇప్పుడు ఒక కాలానికి జ్ఞాపిక మాత్రమే. బ్లూరే పెట్టెలో ఐదు కూర్పులూ ఉన్నాయి. మొదటి డిస్కులో ఫైనల్ కట్, ఒక డిస్కులో రెండు 1982 ప్రతులూ 1992 ప్రతీ, చివరి డిస్కులో వర్క్‌ప్రింట్. ఆ మూడు పాత ప్రతులనూ ఒకే డిస్కులో ఇరికించడానికి వాడిన ఉపాయం నాకు బాగా నచ్చింది. మూడింటికీ ఉమ్మడిగా ఉన్న భాగాలను ఒకసారే ముద్రించి, తేడా ఉన్న చోట ప్లేయర్ తనంతట తాను దారి మళ్లేలా అమర్చారు. మంచి ప్లేయర్‌లో ఆ మళ్లింపు కంటికి తెలియదు.

దీనివల్ల పోల్చి చూడటం ఎంత సులువైందో చెప్పాలంటే టైరెల్ చావు దృశ్యం చాలు. అమెరికా ప్రతిలో రెప్లికెంట్ల నాయకుడు రాయ్ బేటీ చేతులు ఆ ముఖాన్ని పట్టుకున్న కాసేపటికే కెమెరా పక్కకు తిరుగుతుంది. అంతర్జాతీయ ప్రతిలో వేళ్లు కళ్లలోకి దిగడం చూపిస్తారు. అదే డిస్కు, అదే గది, అదే కొవ్వొత్తుల వెలుగు, కొద్ది క్షణాల తేడాతో రాయ్ స్వభావమే మనకు వేరుగా తోస్తుంది. తనను తయారుచేసినవాణ్ని చంపే ముందు, మరికొంత ఆయుష్షు కావాలని అడిగే వాక్యం చివర థియేటర్ ప్రతుల్లో బూతుమాట ఉంటుంది. ఫైనల్ కట్‌లో ఆ స్థానంలో తండ్రీ అన్న పిలుపు వినిపిస్తుంది. ఏది మేలన్నది చూసేవారి ఇష్టం. నాకు మాత్రం ఆ బూతులోని కసే సరైనదనిపిస్తుంది.

అనుబంధాల్లో డేంజరస్ డేస్ అనే మూడున్నర గంటల డాక్యుమెంటరీ ఉంది. దీన్ని తీసినది ఫైనల్ కట్ పునరుద్ధరణలోనూ పాలుపంచుకున్న చార్లెస్ డి లౌజిరికా. ఒక సినిమా ఎలా తయారవుతుందో, డబ్బు పెట్టినవారికీ దర్శకుడికీ ఎలా చెడుతుందో, యూనిట్ సభ్యులు ఎలా నలిగిపోతారో ఇంత నిజాయితీగా చెప్పిన చిత్రాన్ని మరే డిస్కులోనూ నేను చూడలేదు. తొలగించిన దృశ్యాలను కూడా ముక్కలుగా కాకుండా ఒక చిన్న సినిమాలా కూర్చారు. ఆసుపత్రిలో ఉన్న సహచరుడు హోల్డెన్‌ను డెకార్డ్ పరామర్శించే దృశ్యాలు అందులో ఉన్నాయి. సిడ్ మీడ్, డగ్లస్ ట్రంబుల్ వంటి రూపశిల్పులు మాట్లాడిన వ్యాఖ్యాన ట్రాకు వింటూ సినిమా చూడటం, ఆ నగరాన్ని కట్టినవారితో కలిసి ఆ వీధుల్లో తిరిగినట్టుంటుంది. ఇదే పెట్టెను డెకార్డ్ బ్రీఫ్‌కేసు ఆకారంలోనూ అమ్మారు. అందులోని బొమ్మ వాహనమూ, ఒంటికొమ్ము గుర్రం బొమ్మా ముచ్చటగా ఉంటాయి గానీ, వాటికోసం అధిక ధర పెట్టడం నాకు అనవసరం అనిపిస్తుంది. మామూలు అట్ట పెట్టెలో ఉన్నవీ అవే డిస్కులు.

లోపాలు లేవని కాదు. నాణ్యత తగ్గని లాస్‌లెస్ శబ్దాన్ని ఫైనల్ కట్‌కే కేటాయించి, పాత ప్రతులను సాధారణ డాల్బీ డిజిటల్‌తో సరిపెట్టారు. వాంజెలిస్ సంగీతంలోని లోతైన స్వరాలు గుండెను తాకే మొదటి నిమిషాల్లోనే ఈ లోటు తెలుస్తుంది. వర్క్‌ప్రింట్ బొమ్మ గరుకుగా, రంగు వెలిసినట్టుగా ఉంటుంది. కానీ దానికి అదే సహజం, శుభ్రం చేయకపోవడమే మంచిది.

2017లో వచ్చిన 4కె డిస్కు విషయానికి వస్తే, బొమ్మ వరకు దీనికి సాటిలేదు. ఫైనల్ కట్ కోసం 35 మిల్లీమీటర్ల అసలు నెగటివ్‌ను 4కె స్థాయిలోనూ, 65 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీసిన స్పెషల్ ఎఫెక్ట్స్ దృశ్యాలను 8కె స్థాయిలోనూ స్కాన్ చేసి ఉంచారు. కాబట్టి ఇది చిన్న బొమ్మను సాగదీసి పెద్దది చేసినది కాదు. మొదటి దృశ్యంలో చిమ్నీల నుంచి ఎగసే మంటలు, వెలుగునీడల తేడాను పెంచి చూపే హెచ్‌డీఆర్ వెలుగులో నిజంగా కళ్లు చికిలించేలా చేస్తాయి, వాటి వెనుకనున్న చీకటి మాత్రం చీకటిగానే మిగులుతుంది. ఛాయాగ్రాహకుడు జోర్డన్ క్రోనెన్‌వెత్ పట్టిన పొగ, కిటికీ పట్టీల గుండా దూసుకొచ్చే కాంతి, వాన నీటి మీది నియాన్ ఎరుపు, వీటిని పాత బ్లూరే మాటలతో చెబితే ఇది చేత్తో తాకిస్తుంది. ఫిల్ము గ్రెయిన్‌ను, అంటే ఫిల్ముకు సహజమైన రేణువుల గరుకుదనాన్ని, తుడిచిపెట్టకుండా ఉంచారు. పైనుంచి కూడా వినిపించే అట్మాస్ శబ్దంలో వాన నెత్తిమీద కురుస్తుంది.

అయితే 4కెలో ఉన్నది ఫైనల్ కట్ ఒక్కటే. 1982లో జనం చూసిన సినిమాకు ఆ భాగ్యం దక్కలేదు. ఇది చిన్న విషయమని నేను అనుకోను. ఫైనల్ కట్ రంగుల్లో ఆకుపచ్చ నీలి ఛాయ బాగా పెరిగింది. పాత ప్రతులను పక్కన పెట్టి చూస్తే ముఖాల్లోనూ గోడల్లోనూ ఉన్న వెచ్చదనం తగ్గినట్టు తెలుస్తుంది. రాయ్ చనిపోయేటప్పుడు అతని చేతుల్లోంచి ఎగిరే పావురం మరో ఉదాహరణ. 1982లో ఆ పక్షి, వాన కురుస్తున్న రాత్రిలోంచి ఉన్నట్టుండి పగటి నీలాకాశంలోకి ఎగురుతుంది. ఫైనల్ కట్‌లో ఆ ఆకాశాన్ని చీకటితో, కట్టడాలతో నింపి పొందిక తెచ్చారు. పొందిక వచ్చిన మాట నిజమే. కానీ ఎక్కడినుంచి వచ్చిందో తెలియని ఆ నీలాన్ని చూసి చిన్నవయసులో ఆశ్చర్యపోయిన నాకు, దిద్దిన ఆకాశం దగ్గర ఆ ఆశ్చర్యం కలగలేదు. దర్శకుడికి తన సినిమాను దిద్దుకునే హక్కుంది. దిద్దకముందున్నది ఏమిటో చూసే హక్కు ప్రేక్షకుడికీ ఉండాలి.

కాబట్టి ఒక్కటే కొనగలిగినవారికి, ఇంట్లో 4కె టీవీ ఉన్నా సరే, 2007 నాటి ఐదు డిస్కుల బ్లూరే పెట్టెనే సూచిస్తాను. ఆ పెట్టె ఇప్పటికే ఉన్నవారు 4కె డిస్కును నిస్సందేహంగా కొనవచ్చు, చూడటానికి ఇక దానినే వాడుకోవచ్చు. మొదటిసారి ఈ సినిమా చూడబోయే మిత్రుడికి మాత్రం నేను వ్యాఖ్యానం లేని ఫైనల్ కట్‌నే పెడతాను, ఆ తరువాతి వారం 1982 ప్రతి చూపిస్తాను.

2007 పెట్టె ఇప్పుడు ఎక్కువగా పాత వస్తువుగానే దొరుకుతుంది కనుక కొనే ముందు ఒక జాగ్రత్త చెప్పాలి. అట్ట మడతల్లో డిస్కులను పట్టి ఉంచే ప్లాస్టిక్ పళ్లు త్వరగా విరుగుతాయి, డిస్కు జారి అట్టకు రాసుకుంటుంది. నాకు ఒక అమ్మకందారు పంపిన పెట్టెలో పళ్లన్నీ బాగానే ఉన్నాయి, చివరి మడతలో ఉండవలసిన వర్క్‌ప్రింట్ డిస్కు మాత్రం లేదు. ఆ కూర్పు 4కె సెట్టులో కూడా లేదు కాబట్టి, ఐదు మడతలూ తెరిచి తీసిన ఫొటో పంపమని అడిగి, ఐదో డిస్కు కనిపించాకే డబ్బు చెల్లించండి.