జాగ్రత్త: డెలివరీ పనికని "లైసెన్సు అక్కర్లేని" బ్యాటరీ స్కూటర్ కొంటున్నారా? బయానా ఇచ్చే ముందు ఇది చదవండి

రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం... ఫుడ్ డెలివరీ యాప్‌లు నడిచే మన డెల్టా ఊళ్లలో కొన్ని షాపుల వాళ్లు ఒకే పాట పాడి బండ్లు అమ్ముతున్నారు. "లైసెన్సు అక్కర్లేదు, నంబరు ప్లేటు అక్కర్లేదు, ఇన్సూరెన్సు అక్కర్లేదు. ఒక్క చార్జికి 80 కిలోమీటర్లు. పెట్రోలు ఖర్చు సున్నా. సాయంత్రం నాలుగు గంటలు తిరిగితే నెల వాయిదా దానంతటదే తీరిపోతుంది." పగలు ఒక ఉద్యోగం చేసుకుంటూ రాత్రి పూట నాలుగు డబ్బులు చూసుకుందామనుకునే వాళ్లకి ఈ మాట బాగా ఎక్కుతుంది. చీటీ పాడిన డబ్బో, మెడలో గొలుసు తాకట్టు పెట్టిన డబ్బో తెచ్చి కడుతున్నారు. ఏడాది తిరక్కుండానే బండి అరుగు పక్కన పట్టా కప్పుకుని కూర్చుంటోంది. అందులో బండి తప్పు కొంత, అమ్మేవాడు దాచిపెట్టింది చాలా ఉంది.

ముందు లైసెన్సు సంగతి. చట్టంలో ఆ మినహాయింపు ఉన్న మాట నిజమే. మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేస్తే బండి బరువు 60 కిలోలు దాటకూడదు. ఇవన్నీ కుదిరి, టెస్టింగ్ ఏజెన్సీ సర్టిఫికెట్ ఉంటేనే అది మోటారు వాహనం కిందికి రాదు. కానీ 25 వేగంతో ఆర్డరు టైముకి అందించడం కష్టం. కొనేవాడికి ఆ సంగతి రెండో రోజే తెలిసిపోతుంది. అందుకని డెలివరీకి అనగానే షాపులోనే "స్పీడు తెరిచి" ఇస్తున్నారు. సీటు కిందో కాళ్ల పలక కిందో ఉండే కంట్రోలర్ (మోటారుకి ఎంత కరెంటు వెళ్లాలో చూసే పెట్టె) దగ్గర రెండు తీగల చిన్న సాకెట్ ఒకటి ఉంటుంది. కొన్ని బండ్లలో దాన్ని ఊడదీస్తే, కొన్నింట్లో కలిపితే, 25 కాస్తా 40, 45 అవుతుంది. పని అయిదు నిమిషాలు. దాన్ని అమ్మేవాడు ఉచిత సర్వీసు లాగా చెబుతాడు.

ఆ సాకెట్ ఊడిన క్షణం నుంచి మీ కింద ఉన్నది రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనం. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపినందుకు మొదటిసారికే 2,000 నుంచి 5,000 దాకా జరిమానా. లైసెన్సు లేకపోతే 5,000. ఇన్సూరెన్సు లేనందుకు 2,000. ఇవన్నీ ఒకే రాత్రి ఒకే చోట పడొచ్చు. ఇంటర్ చదివే పిల్లాడికి "లైసెన్సుతో పనిలేదు కదా" అని కొనిచ్చే తండ్రులు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. 18 నిండనివాడు స్పీడు తెరిచిన బండి నడిపి దొరికితే, మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షను కింద కేసు తండ్రి మీదకి, బండి యజమాని మీదకి వస్తుంది. 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. పైగా 18 నిండకపోతే డెలివరీ యాప్‌లో చేర్చుకోరు.

జరిమానా అయినా కట్టుకోవచ్చు, అసలు భయపడాల్సింది ప్రమాదానికి. రాత్రి పదకొండు గంటలకి కాలవ గట్టు రోడ్డు మీద, లైటు లేని చోట, సైకిల్ మీద వచ్చే పెద్దాయనకి మీ బండి తగిలిందనుకోండి. ఇన్సూరెన్సు ఉన్న బండైతే థర్డ్ పార్టీ పరిహారం కంపెనీ చూసుకుంటుంది. ఇన్సూరెన్సు లేని బండైతే ప్రమాద కేసుల ట్రిబ్యునల్ వేసిన పరిహారం మీ జేబులోంచి, లేదంటే మీ పేరున ఉన్న ఇంట్లోంచి పోవాలి. దెబ్బ మీకే తగిలినా, చెల్లే లైసెన్సు లేకుండా నడిపారని తేలితే డెలివరీ కంపెనీ ఇచ్చే ప్రమాద బీమా క్లెయిము నిలబడడం కష్టం. అమ్మేటప్పుడు ఈ మాట చెప్పేవాడు ఒక్కడూ ఉండడు.

ఇక ఆ "80 కిలోమీటర్లు". ఈ లెక్క మీ చేత్తో మీరే వేసుకోవాలి. తక్కువ ధర స్కూటర్లలో ఎక్కువగా ఉండేవి 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు, అయిదు వరసగా కలిపి. వాటి మీద "గ్రాఫీన్" అని పెద్దక్షరాలతో ఉంటుంది. పేరు చూసి కొత్త రకమనుకోకండి, లోపల ఉన్నది సీసమే, కాస్త కార్బన్ కలుపుతారంతే. పక్కన చిన్నక్షరాల్లో 6-డీజెడ్ఎఫ్-20 లాంటి కోడు ఉంటుంది. అసలు చదవాల్సింది దాన్ని. 6 అంటే ఆరు సెల్లులు, 12 వోల్టులు. చివరి 20 అంటే రెండు గంటల్లో ఖాళీ చేస్తే 20 ఆంపియర్ అవర్లు ఇస్తుందని అర్థం. అయిదు కలిస్తే 60 వోల్టులు, 20తో గుణిస్తే 1,200 వాట్ అవర్లు. స్పీడు తెరిచిన బండి 15, 20 ఆంపియర్లు లాగుతుంది. అంత గట్టిగా లాగినప్పుడు సీసం బ్యాటరీ చెప్పినంత ఇవ్వదు. కొత్తలోనే వెయ్యి వాట్ అవర్లు చేతికొస్తే గొప్ప. వెనక బ్యాగుతో, మాటిమాటికీ ఆగుతూ బయల్దేరుతూ నడిపితే కిలోమీటరుకి 25 నుంచి 28 వాట్ అవర్లు పడతాయి. అంటే 36 నుంచి 40 కిలోమీటర్లు. పూర్తిగా ఎండగడితే బ్యాటరీ తొందరగా చస్తుంది కాబట్టి, నమ్ముకోదగ్గది 30. ఆరేడు నెలలకి అది 25కి దిగుతుంది. షాపువాడి 80 ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఒక్క మనిషి, 25 వేగం, ఎక్కడా ఆగకుండా, బ్యాటరీ చివరి చుక్క దాకా. ఒక్కోసారి అదీ రాదు.

డెలివరీ రాత్రి ఎంత తిరుగుతారో ఇప్పుడు చూడండి. హోటలు దాకా రెండు కిలోమీటర్లు, అక్కణ్నుంచి ఇంటికి నాలుగైదు, మళ్లీ హోటళ్లుండే సెంటరుకి ఖాళీగా తిరిగి రావడం మూడు నాలుగు. ఒక ఆర్డరుకి దగ్గర దగ్గర పది. రాజమండ్రిలో దేవీచౌక్ నుంచి ధవళేశ్వరం వైపు ఒక్కటి పడితే పోనూ రానూ పన్నెండు పైనే. తిరుగు ప్రయాణానికి చాలా వాటిలో విడిగా డబ్బు ఉండదు, రేటు కార్డు చదివి చూసుకోండి. ఎనిమిది ఆర్డర్లకి 70, 80 కిలోమీటర్లు. బండి 30 దగ్గరే నీరసపడిపోతుంది. అంటే మూడు ఆర్డర్లయ్యాక, నాలుగోది చేతిలో ఉండగా, బిర్యానీ చల్లారుతుంటే మీరు బండి తోసుకుంటూ నడవాలి. ఆ రోజు ఇన్సెంటివ్ పోతుంది, రేటింగూ పడుతుంది.

మధ్యలో చార్జి పెట్టుకుందామా అంటే, 3 ఆంపియర్ల చార్జరుతో ఈ సెట్టు నిండడానికి ఏడెనిమిది గంటలు కావాలి. మధ్యాహ్నం రద్దీ మూడుకి తగ్గుతుంది, రాత్రి రద్దీ ఏడుకి మొదలవుతుంది. ఆ నాలుగు గంటల్లో సగమే ఎక్కుతుంది. పెద్ద చార్జరు పెట్టి తొందరపెడితే బ్యాటరీ కాగి పొట్ట ఉబ్బుతుంది.

"ఖర్చు సున్నా" మాటకొద్దాం. ఒక చార్జికి రెండు యూనిట్ల లోపే, పది పదిహేను రూపాయలు. అంతవరకు నిజం. కానీ రోజూ లోతుగా వాడే సీసం సెట్టు 300 చార్జులకి అటూ ఇటూగా అయిపోతుంది. కొత్త సెట్టు పది పన్నెండు వేల మాట. 12,000ని 300తో భాగిస్తే రోజుకి 40. కరెంటు కలుపుకుంటే 50 దాటింది, అదీ 30 కిలోమీటర్లకి. కిలోమీటరుకి దగ్గర దగ్గర రూపాయి డెబ్బై పైసలు. లీటరుకి 50 ఇచ్చే పాత 100 సీసీ బండికి, పెట్రోలు 110 వేసుకున్నా, రెండు రూపాయల ఇరవై పైసలు. తేడా ఉంది, కాదనడం లేదు. కానీ ఆ తేడా కోసం రాత్రికి సగం ఆర్డర్లు వదులుకుంటున్నారు.

అందుకే డెలివరీకి బ్యాటరీ బండే కావాలంటే రిజిస్ట్రేషన్ ఉన్న లిథియం బండి చూడండి, ఆకుపచ్చ నంబరు ప్లేటుది. 3 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉంటే నిజంగా రోడ్డు మీద 80 నుంచి 100 కిలోమీటర్లు తిరుగుతుంది. వారంటీ కార్డులో "వాణిజ్య అవసరాలకు వాడితే వర్తించదు" అన్న ముక్క ఉందేమో వెతకండి. ఉంటే, డెలివరీకి వాడతామని చెప్పి, వర్తిస్తుందో లేదో కాగితం మీద రాయించుకోండి. సీసం పెట్టి లిథియం అని అమ్మేవాళ్లూ ఉన్నారు. సీటు కింద విడివిడిగా అయిదు డబ్బాలు, మొత్తం ముప్పై కిలోల పైన తూగితే అది లిథియం కాదు.

సెకండ్ హ్యాండ్ బ్యాటరీ స్కూటర్ కొనేవాళ్లు మల్టీమీటరు లేకుండా వెళ్లొద్దు. నాలుగైదు వందలకి దొరుకుతుంది, లేదా తెలిసిన ఎలక్ట్రీషియన్ని పట్టుకెళ్లండి. బండి నిండా చార్జి పెట్టించి, ఇద్దరు ఎక్కి పదిహేను కిలోమీటర్లు తిప్పండి. మనది చదును నేల కాబట్టి ఎత్తు దొరికేది వంతెనల దగ్గరే. రాజమండ్రి వాళ్లు రోడ్డు కం రైలు వంతెన ఎక్కుడు, పాలకొల్లు వైపు వాళ్లు చించినాడ వంతెన ఎక్కించి చూడండి. అక్కడ వేగం పడిపోయి మీటరులో గీతలు ఒక్కసారిగా రెండు దిగిపోతే సెట్టు అరిగిపోయినట్టే. తిరిగొచ్చాక పది నిమిషాలు ఆగి, సెట్టు మొత్తం కాదు, ఒక్కో బ్యాటరీని విడిగా కొలవండి. నాలుగు 12.4 చూపించి ఒకటి 11.6 చూపిస్తే, ఆ ఒక్కటే మిగతా నాలుగింటినీ లాగేస్తుంది. "ఒకటి మార్చిస్తా" అంటాడు. పాత నాలుగింటి మధ్య కొత్తది పెడితే చార్జింగు సమానంగా పడదు, కొత్తదీ పాడవుతుంది. సెట్టు మార్చాలి, లేదా ఆ ఖర్చు ధరలో తగ్గించాలి. అదే పోకలో వెనక కూర్చున్నవాళ్ల ఫోనులో జీపీఎస్ వేగం చూడండి. 25 దాటితే స్పీడు తెరిచిన బండే. కంట్రోలర్ మీద అంటించిన చీటీ కూడా చదవండి. 60 వోల్టులు, 25 ఆంపియర్లు అని ఉంటే అది 1,500 వాట్ల దాకా లాగగలదు. 250 వాట్ల బండి అన్న కథ అక్కడే తేలిపోతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేది పెట్రోలు బండైనా, బ్యాటరీ బండైనా, నీళ్లలో మునిగిందేమో చూడటం మన వైపు మరీ ముఖ్యం. 2022 జులై గోదావరి వరద, 2024 సెప్టెంబరు బుడమేరు వరద చూశాం కదా, మునిగిన బండిని కడిగి పాలిష్ పెట్టి అమ్మడం ఎంతసేపు. సీటు తిరగేసి స్ప్రింగులు, మేకులు చూడండి. వైరింగు సాకెట్ ఊడదీసి లోపలికి టార్చి వేస్తే మూలల్లో ఒండ్రు మట్టి ఎండి పౌడరులా కనబడుతుంది, పిన్నుల మీద పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. పై తొడుగులు కడుగుతారు గానీ సాకెట్ లోపల ఎవరూ కడగరు. పెట్రోలు బండిలో ఇంజనాయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి, వదిలేయండి. కాకినాడ ఉప్పుగాలికి ఈ చిలుం మునగకుండానే కొంత పడుతుంది, కానీ అప్పుడు మట్టి ఉండదు.

పెట్రోలు బండికి కాగితాలు: ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి ఫైనాన్సు బాకీ ఉందేమో, చలానాలు పెండింగు ఉన్నాయేమో చూడండి. బాకీ ఉంటే ఫారం 35తో అది తీసేదాకా డబ్బు మొత్తం ఇవ్వొద్దు. బండి మీ పేరుకి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బు ఇచ్చిన రోజే పెట్టించుకోండి.

కొనే వరస కూడా తిరగేయండి. ముందు యాప్‌లో నమోదు చేసుకోండి. మీ ఊళ్లో ఏ రకం బండి తీసుకుంటున్నారో అక్కడే కనబడుతుంది. ఉన్న బండితోనో, బంధువుల బండి అడిగి తెచ్చుకునో రెండు వారాలు చేసి, రోజుకి ఎన్ని కిలోమీటర్లు పడుతోందో రాసుకోండి. ఆ అంకె చేతిలో ఉంటే ఏ షాపువాడూ మిమ్మల్ని 80 అని మోసం చేయలేడు. చేరడానికి ఫీజు, బ్యాగు, టీషర్టు డబ్బులు ఏవైనా ఉంటే యాప్‌లోనే కట్టాలి. ఎవరి సొంత యూపీఐకీ పంపొద్దు. బండితో పాటు "రెడీ ఐడీ" (వేరేవాడి పేరున ముందే తెరిచిన యాప్ ఖాతా) ఇస్తామంటే అసలే వద్దు. సెల్ఫీ తనిఖీ అడిగినప్పుడు ఐడీ మూసుకుపోతుంది, అప్పటిదాకా సంపాదించింది వేరేవాడి ఖాతాలో ఉంటుంది. ఆన్‌లైన్లో డబ్బు పంపి మోసపోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపడానికి అంత వీలు.

ఇప్పటికే కొనేసిన వాళ్లు స్పీడు సాకెట్ మళ్లీ యథాస్థానంలో పెట్టించండి. బిల్లు, "80 కిలోమీటర్లు" అని ఉన్న కరపత్రం, వాట్సాప్ సందేశాలు, కంట్రోలర్ చీటీ, బ్యాటరీ నంబర్లు ఫొటోలు తీసి పెట్టుకోండి. షాపుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, పలక్కపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. రెండేళ్ల లోపు వేయాలి. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి వెబ్‌సైటులో ఇంటి నుంచే వేయొచ్చు. "డెలివరీకి వాడావు, అది వ్యాపారం, నువ్వు వినియోగదారుడివి కావు" అని షాపువాడు బెదిరిస్తే తగ్గకండి. స్వయం ఉపాధితో జీవనం కోసమే కొని సొంతంగా వాడుకునేవాళ్లని 2019 వినియోగదారుల చట్టం వినియోగదారులుగానే లెక్కిస్తుంది. ఫిర్యాదులో ఆ ముక్క మొదటి పేజీలోనే రాయండి.